కియాంటి కొండల ఇంటిపేరు

నేను జీవితంలో ఒక్క చుక్క వైను తాగలేదు. అయినా కోవిడ్ రోజుల్లో ఒక చలికాలమంతా హానోవర్‌లో పదిహేను ఇళ్లవాళ్లు నేను వాసన చూసి చెప్పిన మాట మీదే వైను తాగారు. ఈ సంగతి మీ అమ్మ మీకు సగమే చెప్పి ఉంటుంది, దానికి తెలిసింది సగమే కాబట్టి. మిగతా సగం నేను చెబుతాను. కాస్త దగ్గరగా వినండి. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా, ఫోను చేసినప్పుడల్లా "అమ్మమ్మా, లౌడర్" అంటూనే ఉంటారు.

మా బిల్డింగులో కింద అంతస్తులో ఒక ఇటలీ ఆవిడ కొట్టు ఉంది. వైను, ఆలివ్ నూనె, నాలుగు రకాల చిక్కుడు గింజలు, సేమ్యాకి అక్కచెల్లెళ్ల లాంటి పాస్తాలు అమ్ముతుంది. వీధిలో అందరూ ఆవిడని సిన్యోరా అంటారు, వాళ్ల భాషలో అమ్మగారు అని, నేనూ అంతే. ఆవిడ నన్ను ఫ్రావ్ డోక్టర్ అంటుంది. డాక్టరు మీ తాతయ్య, నేను కాదు. ఈ జర్మనీలో పాతకాలపు మనుషులు డాక్టరు భార్యని కూడా అలాగే పిలిచేవారు. మొదట్లో సరిదిద్దాను, ఆ తర్వాత ఊరుకున్నాను. నా ఓపిక కన్నా ఆవిడ అలవాటు గట్టిది.

ముప్ఫై ఏళ్ల నుంచి ఆవిడ దగ్గర నూనె, గింజలు కొంటున్నాను. నేను పులిహోర చేస్తే ఒక గిన్నె కిందికి వెళుతుంది. సీసాల వైపు మాత్రం ఎప్పుడూ చూడలేదు. కానీ సీసాల కథ మొత్తం విన్నాను. ఆవిడ గింజలు తూస్తూ చెప్పే కథ ఎప్పుడూ ఒకటే, వాళ్ల కొండల పేరు గురించి.

ఫ్లోరెన్సుకీ సియెనాకీ మధ్య కొన్ని కొండలున్నాయి. వాటి పేరు కియాంటి. అక్కడ పండే ద్రాక్షతో చేసే వైనుకీ అదే పేరు. మూడు వందల ఏళ్ల కిందట అక్కడి ప్రభువు, ఇదిగో ఈ గట్టు నుంచి ఆ వాగు దాకా పండిందే కియాంటి అని శాసనం వేశాడట. పోయిన శతాబ్దంలో సర్కారు ఆ గీత చెరిపేసి, చుట్టూ ఎక్కడెక్కడో ఉన్న జిల్లాలకి కూడా ఆ పేరు పంచేసింది. అప్పుడు అసలు కొండలవాళ్లు తమ పేరు పక్కన 'క్లాసికో' అని ఇంకో మాట తగిలించుకోవాల్సి వచ్చింది. మేమే పాతవాళ్లం, మమ్మల్ని గుర్తుపట్టండి అని చెప్పుకోవడమన్నమాట. సీసా మెడ మీద గుర్తుకి నల్ల కోడిపుంజు బొమ్మ వేసుకున్నారు.

ఆ కోడికీ కథ ఉంది. రెండు ఊళ్లకీ సరిహద్దు తగాదా వస్తే, కోడి కూయగానే రెండు వైపుల నుంచీ ఒక్కో రౌతు బయల్దేరాలని, ఎదురుపడ్డ చోటే సరిహద్దని ఒప్పందం చేసుకున్నారట. సియెనా వాళ్లు తమ తెల్లకోడిని బాగా మేపారు. ఫ్లోరెన్సు వాళ్లు నల్లకోడిని పస్తుంచారు. ఆకలికి నిద్రపట్టక అది ముందే కూసేసింది, వాళ్ల రౌతు సియెనా గుమ్మం దాకా వెళ్లిపోయాడు. ఈ కథ విని నేను చాలా నవ్వాను. మా గోదావరి వైపు పందెం పుంజుకి బాదం పప్పులు పెట్టి మేపుతారు. మేపిన కోడి ఓడిపోయిందన్న మాట నేను విన్నది అక్కడే.

"నవ్వుతారేం ఫ్రావ్ డోక్టర్," అనేది సిన్యోరా. "ఆ కోడి ఆకలితో సంపాదించిన కొండల్ని మావాళ్లు ఒక్క కాగితంతో పోగొట్టుకున్నారు."

ఆవిడ పుట్టింది ఆ పాత కొండల్లోనే. చిన్నప్పుడే నాన్న ఫ్యాక్టరీ పనికి వస్తూ వెంట తీసుకొచ్చాడు. అన్నయ్య అక్కడే ద్రాక్షతోట చూసుకుంటున్నాడు. ఆయన పంపిన సీసాలు ఇక్కడ అమ్ముతూ, నలభై ఏళ్లుగా ఆవిడ చేస్తున్న పని ఒకటే. వచ్చినవాళ్లందరికీ ఏది ఏ కొండదో చెప్పడం.

కొట్టు వెనక గదిలో నెలకో శనివారం ఆవిడ పాత ఖాతాదారులు చేరేవారు. గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి, వాసన చూసి, నోట్లో తిప్పి, మాట్లాడుకునేవారు. వాళ్లకి పెద్ద ఒక రిటైరైన జాగ్రఫీ మాస్టారు. పొడుగ్గా ఉంటాడు, ఎవరు ఏం చెప్పినా మొదట కాదంటాడు. కోవిడ్‌తో ఆ గది మూతపడింది. కొన్ని నెలలు చూసి మాస్టారు సిన్యోరాకి ఈమెయిలు రాశాడు. ఒకసారి వీడియోలో పెట్టి చూద్దాం, బాగుంటే సరి, లేకపోతే వసంతం నుంచి అందరం ఇంటర్నెట్లో తెప్పించుకుంటాం, పేరు ఒకటే అయినప్పుడు ఎక్కడ కొంటే ఏమిటి, అని. 

సిన్యోరా ఆ సవాలు తీసుకుంది. ఇంటింటికీ రెండేసి సీసాలు, మెడతో సహా న్యూస్‌పేపరు చుట్టి, ఒకటి రెండు అని నంబర్లు వేసి పంపింది. ఒకటి పాత కొండలది, ఇంకోటి బయటి జిల్లాది. మూడు వారాల తర్వాతి శనివారం సాయంత్రం ఆరింటికి అని అందరికీ చెప్పింది. ఆ మూడు వారాల్లోనే ఆవిడకి కోవిడ్ వచ్చింది.

మనిషి తేలిగ్గానే బయటపడింది. క్వారంటైను అయిపోయాక ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు, మెట్ల మీద రెండు మీటర్ల దూరంలో, మాస్కుతో నిలబడింది. చేతిలో ఒక ఉల్లిపాయ, సగానికి కోసి ఉంది.

"ఇది ఉల్లిపాయేనా?" అని అడిగింది.

"ఉల్లిపాయే. ఇక్కడిదాకా వస్తోంది ఘాటు."

"నాకు రావట్లేదు," అంది. "కాఫీ రావట్లేదు. సబ్బు రావట్లేదు. పొద్దున్న మా అన్నయ్య సీసా తీశాను. నీళ్లు."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. ఆ ఉల్లిపాయని అలా పట్టుకునే నిలబడింది.

"శనివారానిది ఆపేస్తాను. పాత నోట్సు చూసి చదవొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ నలభై ఏళ్లు పేరు విషయంలో అబద్ధం వద్దని వాళ్లతో పోట్లాడాను. ఇప్పుడు నేనే లేని ముక్కుతో ఉన్నట్టు చెప్పాలా?"

"ఆపేస్తే?"

"మాస్టారి మాట నిలబడుతుంది. ఏ సీసా అయినా ఒకటే అన్నట్టు."

నాకు ఎందుకలా అనిపించిందో చెప్పలేను. బహుశా యాభై ఏళ్లుగా ఈ దేశంలో నన్ను ఎవరూ ఏ పనికీ అడగకపోవడం వల్లేమో. "నేను వాసన చూస్తాను," అన్నాను.

సిన్యోరా మాస్కు పైనుంచి నన్ను చూసింది. "మీరు తాగరు కదా."

"తాగను. వాసన చూస్తానంటున్నాను."

"తాగకుండా వైను సంగతి ఎలా తెలుస్తుంది?"

అప్పుడు మా అమ్మ గురించి చెప్పాను. మా ఇంట్లో దేవుడికి నైవేద్యం వండేటప్పుడు ఎవరూ రుచి చూడకూడదు. నాలుక మీద పెడితే ఎంగిలి. పాతిక మందికి పులిహోర, పరమాన్నం, పప్పు అన్నీ చేసినా, నైవేద్యం అయ్యేదాకా మెతుకు నోట్లో పడదు. మరి ఉప్పు సరిపోయిందని ఎలా తెలుస్తుంది? ఆవిరి వాసన బట్టే. వాసన చూడటం కూడా తప్పనేది మా నాయనమ్మ, కానీ ఆవిరి తనంతట తాను వచ్చి ముక్కుకి తగిలితే మనదేం పాపం అనేది మా అమ్మ. పప్పులో ఉప్పు తక్కువైతే ఆవిరి చప్పగా ఉంటుంది, పడితే పదునెక్కుతుంది. పదేళ్లప్పటి నుంచి నాకు అదే చదువు.

"రుచి చూడకుండా తీర్పు చెప్పడమే మా ఆడవాళ్ల విద్య," అన్నాను.

సిన్యోరా ఉల్లిపాయని జేబులో పెట్టుకుంది. "రేపు మూడింటికి రండి," అంది.

ఆ రోజుల్లో ఒక ఇంటివాళ్లు బయటి మనిషిని ఒక్కరినే కలవొచ్చని రూలు. ఆవిడ ఒంటరి. ఆ ఒక్క మనిషీ నేనయ్యాను. మీ తాతయ్యకి చెబితే చదువుతున్న పేపరు దించారు. ఇక్కడ అపాయింట్‌మెంటుని టెర్మిన్ అంటారు.

"నాకింకా వ్యాక్సిన్ టెర్మిన్ దొరకలేదు గానీ, నీకు వైను టెర్మిన్ దొరికిందన్నమాట. డెబ్బై దాటాక మందు కొట్లో ఉద్యోగం. మీ నాన్నగారు ఉండుంటే ఏమనేవారో."

"ఉప్పు సరిపోయిందా అని అడిగేవారు," అన్నాను.

వారం రోజులు రోజూ మూడింటికి కిందికి దిగాను. కిటికీలన్నీ తీసి, పొడుగు బల్లకి ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. స్వెట్టరు మీద స్వెట్టరు. ఆవిడ గ్లాసులో పోసి బల్ల మీద నా వైపు జరిపేది. "వయొలెట్ పూలు వస్తున్నాయా? చెర్రీ? తోలు?" అనేది. వయొలెట్ పూలు నేను వాసన చూసిన పాపాన పోలేదు. కళ్లు మూసుకుని నాకు తోచిందే చెప్పాను. పాత కొండల దాంట్లో నేరేడు పండు ఉంది, కొత్త చెప్పులున్నాయి, ఎండిన గులాబి రేకులున్నాయి, వాటన్నిటి వెనకాల మా ఊళ్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్ తలుపు తీసినట్టు ఒక వెచ్చటి ఘాటుంది. బయటి జిల్లా దాంట్లో సూటిగా రేగు వడియం. పక్కా రేగు వడియమే, ఎండబెట్టి డబ్బాలో పోసినది.

రేగు వడియం అంటే ఏమిటో ఆవిడకి చెప్పడానికి అరగంట పట్టింది. అంతా విని, ఆవిడ తన పాత నోట్సు తీసి చూసుకుంది. తర్వాత, "నేను నలభై ఏళ్లుగా చెబుతున్న తేడా అదే. నా మాటల్లో చెబుతున్నాను, అంతే," అంది.

శనివారం వచ్చింది. లాప్‌టాప్‌ ముందు సిన్యోరా, ముత్యాల దండ వేసుకుని. కెమెరాకి అందకుండా పక్కన నేను. నేను వాసన చూసి జర్మన్‌లో చీటీ రాసి జరపాలి, ఆవిడ చదివి చెప్పాలి. ఆ ఏర్పాటు ఆవిడకి ఇష్టం లేదు. "ఇది కూడా దాచడమే కదా," అని రెండుసార్లు అంది. ఈ ఒక్కసారికి కానివ్వండి అని నేనే ఒప్పించాను. అది నా తప్పు.

తెర మీద పదిహేను కిటికీలు వెలిగాయి. మొదటి గ్లాసు బాగా జరిగింది. నా చీటీ చదివి సిన్యోరా నేరేడుని 'నల్లటి అడవి పండు' చేసింది, పొగాకుని పొగాకుగానే ఉంచింది. కిటికీల్లో తలలు ఊగాయి. రెండో నంబరు సీసా మూత తీసింది, నాకు పోసింది. నేను ముక్కు దగ్గర పెట్టాను. పెట్టగానే దించేశాను.

అది రేగు వడియం కాదు. వానలో తడిసి మూలన పడేసిన గోనె సంచి.

చీటీ రాసి జరిపాను. సిన్యోరా చీటీ చూసింది, నన్ను చూసింది, మళ్లీ చీటీ చూసింది. కంగారులో నేను తెలుగులో రాశాను. వాసన తెలుగులో వచ్చింది, చెయ్యి కూడా అలాగే పోయింది. ఆవిడ చేసేది లేక పాత నోట్సు ఎత్తి, "ఇందులో ఎర్ర చెర్రీ, లేతగా, చాలా తాజాగా," అని మొదలుపెట్టింది. 

ఆగలేకపోయాను. ఆవిడ చెవి దగ్గరికి వంగి, గుసగుసగా అన్నాను. "సిన్యోరా, ఈ సీసా చెడిపోయింది. తడిసిన గోనె వాసన."

యాభై ఏళ్లలో ఏ బేకరీలోనూ, ఏ ఆఫీసులోనూ ఒక్కసారికి వినపడని నా గొంతు, ఆవిడ చెవి పక్కనున్న మైకు పుణ్యమా అని పదిహేను ఇళ్లలో స్పష్టంగా వినపడింది.

మాస్టారు గ్లాసు కింద పెట్టాడు. "ఎవరది మాట్లాడుతున్నది?"

సిన్యోరా మెడలో దండ సర్దుకుంది. నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కుర్చీతో సహా కెమెరా ముందుకి లాగింది.

"నాకు రెండు వారాల పైనుంచి వాసన తెలియట్లేదు," అంది. "కోవిడ్. మీరు ఇందాక విన్నదంతా ఈవిడ చెప్పింది. రెండో అంతస్తులో ఉంటారు. ముందే చెప్పాల్సింది. చెప్పలేదు, తప్పు నాది."

"తప్పు నాది," అన్నాను నేను.

"మీరు వైను వ్యాపారమా?" మాస్టారు నన్ను అడిగాడు.

"కాదండీ."

"ఎంతకాలంగా తాగుతున్నారు?"

"అసలు తాగను."

ఒక కిటికీలో ఎవరో ఫక్కున నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "అయితే నలభై ఏళ్ల వాదన ఒక్క నిమిషంలో తేలిపోతుంది," అన్నాడు. "ఈవిడ కళ్లు మూసుకోవాలి. సిన్యోరా, మంచి సీసా ఇంకోటి తీయండి. రెండు గ్లాసులు. ఏది పాత కొండలదో ఏది బయటిదో చెప్పమనండి. ఒకసారి కాదు, మూడుసార్లు. బొమ్మాబొరుసూ ఎవరైనా ఒకసారి చెబుతారు."

సిన్యోరా నా వైపు తిరిగింది. వద్దంటే వద్దు అన్నట్టు చూసింది. నేను తప్పితే పోయేది నా పరువు కాదు, ఆవిడ నలభై ఏళ్ల మాట. అప్పుడు నేను మా అమ్మ వంటింట్లో చేసినట్టే చేశాను. శాలువా కొంగు కళ్ల మీదికి లాక్కుని, గ్లాసుని ముక్కు దగ్గరికి తేకుండా, వాసననే నా దగ్గరికి రానిచ్చాను.

మొదటిసారి: "ఎడమ చేతిది కొండలది." అవును, అంది సిన్యోరా. 

రెండోసారి గ్లాసులు అటూ ఇటూ జరిగిన చప్పుడు వినపడింది. "మళ్లీ ఎడమదే." అవును.

మూడోసారి చాలా ఆలస్యమైంది. గ్లాసులు వచ్చాయి. ఒకటి చూశాను, రేగు వడియం. రెండోది చూశాను, రేగు వడియం. మళ్లీ మొదటిది. నాకు భయమేసింది, నా ముక్కు కూడా పోయిందేమోనని. మా అమ్మ ఒకటే చెప్పేది, ముక్కు చెప్పింది చెప్పు, ఎదుటివాళ్లు వినాలనుకునేది చెప్పకు అని.

"మాస్టారూ," అన్నాను, "ఇందులో కొండలది లేదు. రెండూ బయటివే."

కొంగు తీసి చూస్తే కిటికీలన్నిటిలో చేతులు ఎగురుతున్నాయి, చప్పట్లు. మాస్టారు ఒక కాగితాన్ని కెమెరాకి చూపిస్తున్నాడు. మూడోసారి రెండింటిలోనూ ఒకటే పొయ్యండి, అని సిన్యోరాకి రాసి చూపించాడట, నా కళ్లు మూసి ఉండగా. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"సరే," అన్నాడు. "తేడా ఉంది. ఒప్పుకున్నాను. మరి రెండింటికీ ఒకే పేరెందుకు? దొంగతనమే కదా?"

ప్రశ్న సిన్యోరాకి. ఆవిడ మాత్రం నన్ను చూసింది. ఎప్పుడూ చెప్పే ఆవిడ కథ ఆ పూట నన్ను చెప్పమంటోందని అర్థమైంది. నేను ఎక్కువ ఆలోచించలేదు. తాపేశ్వరం కాజా గురించి చెప్పాను. పొరలు పొరలుగా మడిచి, వేయించి, పాకంలో ముంచే మిఠాయి. మా ఊరికి రెండు మైళ్ల దూరంలో తాపేశ్వరం. ఇప్పుడు ఏ నగరానికి వెళ్లినా ప్రతి మిఠాయి కొట్టు ముందూ ఆ బోర్డే. కొరకగానే మాకు తెలిసిపోతుంది, కోపమొస్తుంది. కానీ కొన్ని కొట్లలో వండేవాడు నిజంగా తాపేశ్వరం నుంచి వెళ్లినవాడే. వాడిని ఏమనాలి?

"మా పేర్లకి ముందు ఇంటిపేరని ఒకటుంటుంది," అన్నాను. "చాలామందికి అది ఒక ఊరి పేరు. ఆ ఊళ్లోనే ఉండిపోతే ఆ పేరుతో ఎవరూ పిలవరు, అక్కడ అందరూ ఆ ఊరివాళ్లే. ఊరు దాటి వెళ్లినవాళ్లకే ఫలానా ఊరివాళ్లని ఆ పేరు అంటుకుంటుంది. మా పుట్టింటివాళ్లు ఆ ఊరు వదిలి మూడు తరాలైంది, పేరు మాత్రం మాదే. అందుకని బయటి జిల్లావాళ్లు ఆ పేరు పెట్టుకుంటే నేను దొంగలనలేను. ఇంటిపేరు ఒకటే, చిరునామా వేరు. చిరునామా దాస్తేనే దొంగతనం."

"మీరు వాళ్ల పక్షమా ఫ్రావ్ డోక్టర్?" సిన్యోరా అడిగింది. గొంతులో నిష్ఠూరం, కళ్లలో నవ్వు.

"నేను ఊరు దాటి వచ్చినదాన్ని సిన్యోరా. మీరు మాత్రం? హానోవర్‌లో కూర్చుని కొండలమీది మనిషినంటున్నారు, ఎవరైనా కాదన్నారా?"

ఆవిడ పెద్దగా నవ్వింది. జబ్బు చేసిన తర్వాత అదే మొదటిసారి. "మా అన్నయ్యావాళ్లు ఇప్పుడు సీసా మీద ఊరి పేరు కూడా వేసుకోవాలని పోరుతున్నారు," అని అందరికీ చెప్పింది. "కొండల పేరు, దాని కింద ఊరి పేరు. ఇన్నాళ్లూ మొండితనం అనుకున్నాను. చిరునామా అడుగుతున్నారన్నమాట."

మాస్టారు ఏమీ కాదనలేదు. అది చూసి మిగతావాళ్లు ఆశ్చర్యపోయారు. గ్లాసు ఎత్తి, చాలా సేపు వాసన చూసి, "నేరేడు పండు నాకు తెలియదు," అన్నాడు. "కానీ పొగాకు ఉంది. ఇన్నాళ్లూ ఉందన్నమాట." తర్వాత, తలలు లెక్కపెట్టే మాస్టారి గొంతుతో, "ఇంటర్నెట్లో తెప్పించుకుందామనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"నెలకోసారి చాలదు," అన్నాడు. "వారం వారం పెట్టండి. ఒక షరతు. ఇద్దరూ కనపడాలి. ముక్కు ఎవరిదో మాట ఎవరిదో మాకు తెలియాలి."

ఆ తర్వాతి శనివారం పద్దెనిమిది కిటికీలు. సిన్యోరా మొదలుపెట్టడమే, "నాకు వాసన తెలియదు, ఈవిడకి వైను తెలియదు, ఇద్దరం కలిస్తే ఒక మనిషిమి," అని మొదలుపెట్టింది. చలికాలం పోయేదాకా అలాగే నడిచింది. ఆవిడ కొండల కథ చెబుతుంది, నేను వాసన చెబుతాను. నా గొంతు పెంచమని ఒక్కరూ అనలేదు, వాళ్లే నోరు మూసుకుని విన్నారు. ఎండాకాలానికి ఆవిడకి ముందు కాఫీ వాసన తిరిగొచ్చింది, తర్వాత సబ్బు, చాలా రోజులకి వాళ్ల అన్నయ్య వైను. అయినా నన్ను వదల్లేదు.

మొదటి శనివారం అయిన మర్నాటి మాట చెప్పి ఆపుతాను. పై వారానికి వాసన చూసి పెట్టుకోమని సిన్యోరా మూడు సీసాలిచ్చింది. రెండు చంకల్లో రెండు, చేతిలో ఒకటి పట్టుకుని మెట్లెక్కుతున్నాను. మీ తాతయ్య తలుపు తీసి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు.

"ఏమోయ్, పట్టపగలు సీసాలేసుకుని మెట్లెక్కుతున్నావ్. బిల్డింగంతా చూస్తోంది."

"చూడనివ్వండి," అన్నాను. "పక్కకి జరగండి, నాకు పనుంది."